నలుపు తెలిసిన తెలుపు

శ్రావణమాసం వచ్చిందంటే హైదరాబాద్‌లో మీర్‌పేట్ మొదలుకొని దిల్‌సుఖ్‌నగర్ దాకా నగల దుకాణాలన్నీ బంగారాన్ని కాస్త వెనక్కి జరిపి వెండిని ముందుకు తెస్తాయి. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముఖాలు, కలశం చెంబులు, కుందులు, కుంకుమ భరిణెలు, వాయనంలో పెట్టి ఇచ్చే చిన్న చిన్న గిన్నెలు అద్దాల వెనక వరసలు తీరుతాయి. పైన ఎల్‌ఈడీ దీపాలు, కింద తెల్ల మఖమలు, వెనక మళ్ళీ అద్దం. అంత వెలుగులో నిలబెడితే వెండి కనిపించదని నా గట్టి నమ్మకం. అక్కడ కనిపించేది మెరుపు ఒక్కటే. తెలుపు మీద తెలుపు, దాని చుట్టూ ఇంకా తెలుపు. కన్ను జారిపోతుందే తప్ప ఎక్కడా నిలవదు.

అదే వెండిని పోచమ్మ గుడిలో చూడాలి. నలుగురు నిలబడితే నిండిపోయే గుడి. దీపపు పొగకూ నూనెకూ నల్లబడ్డ రాయి. ఆ రాయికి ఎవరో మొక్కు తీర్చుకుంటూ పెట్టించిన రెండు వెండి కండ్లు. హారతి పళ్ళెం ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలినప్పుడు రాయి చీకట్లో కలిసిపోతుంది, కండ్లు మాత్రం వెలుగుతో పాటు కదులుతాయి. గుడిలో ఎక్కడ నిలబడ్డా అమ్మ మన వంకే చూస్తున్నట్టు ఉంటుంది. ఆ స్థానంలో బంగారు కండ్లు ఉంటే కలిమి కనిపించేది, చూపు కనిపించేది కాదు. ఆ చూపును పుట్టించింది వెండి ఒక్కటే కాదు, వెండీ దాని కింద ఉన్న నల్లరాయీ కలిసి పుట్టించాయి.

వెండి అందమంతా నలుపుతో దానికున్న చుట్టరికంలోనే ఉందని నాకు తోస్తుంది. ఈ మాట ఇష్టం కొద్దీ అంటున్నది కాదు. ఆ లోహపు రసాయన స్వభావమూ, ఈ నేల మీద పనివాళ్ళు దాన్ని మలిచిన తీరూ, ఇంటి ఆడవాళ్ళు దాన్ని ఒంటి మీద పెట్టుకున్న తీరూ ఈ ఒక్క దిక్కుకే చూపిస్తున్నాయి.

మూలకాల పట్టికలో వెండిది 47వ స్థానం. సరిగ్గా దాని పైన రాగి, సరిగ్గా దాని కింద బంగారం. పైవాడికి ఎరుపు, కిందివాడికి పసుపు, నడుమనున్న దీనికి ఏ రంగూ లేదు. బంగారం తన మీద పడ్డ వెలుగులోంచి నీలాన్ని మింగేసి మిగిలింది వెనక్కి పంపుతుంది, అందుకే పచ్చగా కనిపిస్తుంది. వెండిలోని ఎలక్ట్రాన్లను కింది మెట్టు నుంచి పైకి లేపాలంటే మన కంటికి ఆనే వెలుగు చాలదు, అతినీలలోహిత కిరణాలు కావాలి. కాబట్టి కంటికి ఆనే రంగుల్లో దేన్నీ అది తన దగ్గర దాచుకోదు. మెరుగు పెట్టిన వెండి తన మీద పడ్డ వెలుగులో దాదాపు 95 శాతాన్ని తిప్పి ఇచ్చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 60 శాతం దగ్గరే ఆగిపోతుంది. పెళ్ళి భోజనంలో స్టీలు గ్లాసు పక్కన వెండి గ్లాసు పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పగలగడానికి కారణం ఇదే. ఊదా రంగు కొసకు వచ్చేసరికి వెండి కాస్త తగ్గి ఇస్తుంది. ఆ కాస్త తగ్గడం వల్లే దాని తెలుపులో స్టీలుకు లేని వెచ్చదనం వస్తుంది.

తన రంగంటూ లేనిది పక్కనున్నదాని రంగులో బతుకుతుంది. ఎర్ర పట్టుచీర దగ్గర వెండి కొంచెం ఎర్రబడుతుంది, పసుపుకొమ్ము పక్కన పచ్చబడుతుంది. తెల్లటి దుకాణంలో ఉన్నట్టే ఉండదు. నలుపు పక్కన మాత్రం వెండి వెండిగా నిలబడుతుంది. నలుపు దానికి ఏ రంగూ అప్పివ్వదు గనుక, దాని దగ్గరున్నదంతా దానిదే అవుతుంది.

తాకితే తెలిసేది ఇంకొకటుంది. వేడినీ విద్యుత్తునీ లోహాలన్నిటిలోకీ బాగా మోసేది వెండే. వెండి గ్లాసులో చల్లటి మజ్జిగ పోస్తే పోసినంత సేపట్లో అంచుదాకా చల్లబడుతుంది. వేడి కాఫీ పోస్తే పెదవి దగ్గర పెట్టలేం. కాళ్ళకు కొత్త పట్టీలు పెట్టుకున్న మొదటి క్షణం చురుక్కుమనేంత చల్లన, మరుక్షణం ఒంటి వేడే దాని వేడి. లోపలున్నదాన్నీ బయటున్నదాన్నీ ఇంత త్వరగా తనలోకి తీసుకునే లోహం మచ్చను కూడా త్వరగానే తీసుకుంటే వింతేముంది?

ఇనుముకు తుప్పు పడుతుంది, రాగికి చిలుము పడుతుంది. వెండిని మామూలు గాలిలోని ఆక్సిజన్ ఏమీ చేయలేదు. గంధకానికి మాత్రం అది లోకువ. గాలిలో శతకోటి పాళ్ళలో ఒక పాలు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా వెండి దాన్ని పట్టుకుని సిల్వర్ సల్ఫైడ్‌గా మార్చుకుంటుంది. మీర్‌పేట్‌లో ఈ సంగతి ఎవరికీ పుస్తకం తెరిచి చెప్పనక్కరలేదు. పెద్ద చెరువు, మంత్రాల చెరువు, చందన చెరువు, వాటి చుట్టూ ఏళ్ళ తరబడి లేచిన కాలనీలు. మురుగు కలిసిన నీళ్ళు నిలవ ఉండి ఆక్సిజన్ అయిపోతే, అడుగున బతికే సూక్ష్మజీవులు నీళ్ళలోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. ఎండాకాలపు సాయంత్రాల్లో వచ్చే ఆ వాసన చెరువు పక్కవాళ్ళకు బాగా తెలుసు. ముక్కుకు అందనంత కొద్దిగా ఉన్నప్పుడు కూడా వెండికి అందుతుంది. బీరువా లోపల మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టిన భరిణె మీదా ఆ చెరువు గాలి రాతలు రాస్తుంది. ఆ భరిణెకు పట్టిన నలుపులో ఆ పేట గాలి చరిత్ర ఉంది. చెరువులు బాగుపడాలని కోరుకోవడానికి వంద కారణాలున్నాయి, ఇది నూట ఒకటోది.

ఆ రాత ఒక్కసారిగా నల్లగా రాదు. వెండి నల్లబడటాన్ని ఓపికగా చూసినవాళ్ళు తక్కువ, చూస్తే మాత్రం మరిచిపోలేరు. మొదట ఎండుగడ్డి రంగు లేతగా అంటుకుంటుంది. అది తేనె రంగుకు చిక్కబడుతుంది. తర్వాత కుంకుమపువ్వు నానిన ఎరుపు, ఆ తర్వాత వంగపండు ఊదా, నెమలి మెడ నీలం. ఆఖరుకు నలుపు. ఆ పొర మందం మిల్లీమీటరులో కొన్ని పదివేల వంతులకు మించదు. పొర పైనుంచి తిరిగి వచ్చిన వెలుగూ, అడుగున ఉన్న వెండి నుంచి తిరిగి వచ్చిన వెలుగూ కలిసేచోట కొన్ని రంగులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, కొన్ని పెరుగుతాయి. పొర చిక్కబడేకొద్దీ రంగు మారుతుంది. రంగు లేని లోహం నలుపులోకి వెళ్ళే దారిలో ఇంద్రధనుస్సంతా నడిచి వెళుతుంది. దీన్ని మరక అనడానికి నాకు నోరు రాదు.

మనవాళ్ళు పట్టీలు నల్లబడితే ఒంట్లో వేడి చేసిందంటారు. చెమట ఎక్కువైతే వెండి తొందరగా రంగు మారుతుందన్నది చూసి చెప్పిన మాటే. పండుగ ముందు రోజు విబూదితోనో, చింతపండు కుంకుడు రసంతోనో, పళ్ళపొడితోనో రుద్దితే ఆ పొరతో పాటు రవ్వంత వెండీ పోతుంది. అల్యూమినియం రేకు పరిచిన గిన్నెలో వేడినీళ్ళు పోసి, వంటసోడా, ఉప్పు వేసి వెండి సామాను రేకుకు తగిలేలా మునిగించి చూడండి. గంధకం వెండిని విడిచిపెడుతుంది, దాన్ని పట్టుకున్న వెండి మళ్ళీ వెండిగా తన చోట కూర్చుంటుంది. ఆ ఆవిరిలో కుళ్ళిన గుడ్డు వాసన తగిలితే అది వెళ్ళిపోతున్న గంధకమే. ఇంత శుభ్రమైన పద్ధతి ఉన్నా, చెక్కడపు పనున్న వస్తువును అందులో ముంచవద్దనే నేను చెబుతాను. ఎందుకో కాసేపట్లో వస్తుంది.

ఈ గంధకపు మోహమే వెండికి ఇంకో గుణాన్నీ ఇచ్చింది. పసిపిల్లలకు వెండి ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం, నీళ్ళ బిందెలో వెండి రూపాయి వేయడం మన ఇళ్ళలో పాత అలవాట్లు. లోహాల అణుమాత్రపు జాడ కూడా సూక్ష్మజీవులను చంపగలదన్న స్విస్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ నెగెలి పరిశీలనలు 1893లో అచ్చయ్యాయి. వెండి అయాన్లు సూక్ష్మజీవి మాంసకృత్తుల్లో ఉన్న గంధకాన్ని పట్టుకుని వాటి పని ఆపేస్తాయి. కాలిన గాయాలకు పూసే తెల్లటి మందులో సిల్వర్ సల్ఫాడయజిన్ ఉండేది అందుకే. భరిణెను నలుపు చేసేదీ, పుండును మాన్పేదీ ఒకే ఆకర్షణ.

ఇక వెండిని నలుపు మీద నిలబెట్టే బిద్రీ పని దగ్గరికి రావాలి. ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా ఎంజీబీఎస్ దాకా పోతుంది. అక్కణ్ణించి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. ఎవరైనా వెండి ఎలా ఉంటుందని అడిగితే నేను దుకాణానికి పంపను, అక్కడి బిద్రీ సామాను దగ్గరికి పంపుతాను. హుక్కా కుదుళ్ళు, పాన్‌దాన్లు, పళ్ళేలు. కాటుక నలుపు మీద వెండి పువ్వులు.

బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోదే. ఆ ఊరి పేరుతో పిలిచే ఈ పనిలో పాత్రకు వాడేది వెండి కాదు, ఎక్కువ పాళ్ళు తుత్తునాగం, కొద్దిపాటి రాగి కలిపి పోసిన మిశ్రలోహం. ఇసుక అచ్చులో పోత పోసి, ఆకురాయితో నునుపు చేస్తారు. మైలతుత్తం నీళ్ళు పూసి తాత్కాలికంగా నల్లబరిచి, ఆ నలుపు మీద ఉలితో లతలూ పువ్వులూ గీస్తారు. గీసిన గాడిలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తెతో మెత్తగా కొట్టి కూర్చోబెడతారు. ఆ తర్వాత మళ్ళీ అంతా రుద్ది నునుపు చేస్తారు. మొదటి నలుపు పోతుంది. ఆ దశలో పాత్రను చేతిలోకి తీసుకుంటే పనంతా వృథా అయిందనిపిస్తుంది. తుత్తునాగమూ తెల్లనే, వెండీ తెల్లనే. ఎన్నో రోజుల చేతిపని బూడిదతెలుపులో మునిగిపోయి ఉంటుంది. పువ్వెక్కడో నేల ఎక్కడో చెప్పలేం.

అప్పుడు బీదర్ కోట లోపల, ఎండా వానా సోకని చోట్ల నుంచి తెచ్చిన మట్టిని నవాసాగరంతో కలిపి ముద్ద చేస్తారు. పాత్రను కొద్దిగా వేడి చేసి ఆ ముద్దతో రుద్దుతారు. ఆ మట్టిలోని లవణాలు తుత్తునాగం, రాగి కలిసిన నేలను పట్టుకుని నల్లబరుస్తాయి. వెండిని మాత్రం తాకలేవు. ఆ కొద్ది సేపట్లో నేలంతా నిండు అమావాస్య నలుపుకు తిరుగుతుంది, దాని మీద దాగి ఉన్న ప్రతి రేకూ ప్రతి తీగా బయటపడుతుంది. పనివాడు అప్పుడు కొత్తగా ఏమీ గీయలేదు, ఏమీ చేర్చలేదు. నలుపు వచ్చింది, వెండి కనిపించింది. ప్రపంచంలోని అలంకార కళల్లో ఇంత గొప్ప క్షణం ఇంకెక్కడైనా ఉందేమో నేను చూడలేదు. చిత్రకారుడు కుంచెతో ఒక్కొక్క గీతా తెస్తాడు. ఇక్కడ చిత్రమంతా ఒకే ఊపిరిలో పుడుతుంది.

బిద్రీ చూసేటప్పుడు పువ్వును చూడకుండా పువ్వుకూ నేలకూ మధ్యనున్న అంచును చూడమని నా మనవి. రెండు లోహాలు కలిసే ఆ గీత దగ్గర రెంటి ఎత్తూ ఒకటే, వేలితో తడిమితే ఏ హద్దూ తగలదు. కంటికి మాత్రం రాత్రీ వెన్నెలా అంత దూరం. చేతికి ఒకటిగానూ కంటికి రెండుగానూ ఉండటమే దాని రసం. పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే గంధకం వచ్చి ఆ వెండిని కూడా నల్లబరుస్తుంది, పువ్వు మెల్లగా నేలలోకి వెళ్ళిపోతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే మళ్ళీ వస్తుంది. వెలిసిపోయిన వర్ణచిత్రానికి ఈ వరం లేదు.

కరీంనగర్ వెండి తీగ పని ఇంకో దారిన ఇక్కడికే చేరింది. ఎలగందులలో పెరిగి కరీంనగర్‌కు వచ్చిన ఈ విద్యకు 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మూసలో కరిగించిన వెండిని కడ్డీగా పోసి, కమ్మచ్చు రంధ్రాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి లాగుతూ పోతే తీగ సన్నబడుతుంది. వెండి ఎంత లాగినా తెగకుండా సాగుతుంది. ఒక్క గ్రాము వెండిని కిలోమీటరు దాటిన తీగగా సాగదీయవచ్చని లోహశాస్త్రం చెబుతుంది. రెండు తీగలను మెలిపెట్టి, మెల్లగా చదును చేస్తే అంచున పళ్ళు వచ్చినట్టు ఉంటుంది. మందపు తీగతో ఆకు చట్రమో, పూరేకు చట్రమో కట్టి, దాని లోపల ఈ మెలితీగను సంక్రాంతి సకినం చుట్టినట్టు చుట్టలు చుట్టలుగా నింపుతారు. వెలిగారంతో కలిసిన టంకం పొడి చల్లి, ఊదుగొట్టంతో మంట అందిస్తారు. ఒక్క ఊపిరి ఎక్కువైతే తీగ కరిగి బొట్టవుతుంది, తక్కువైతే అతకదు. వెండి కరిగేది 961 డిగ్రీల దగ్గర, టంకం కరగాల్సింది దానికి కాస్త ముందు. ఆ నడిమి సందే పనివాడి నేర్పు.

తీగ పని చేసిన అత్తరుదానినో నెమలినో చూసి అబ్బ ఎంత సన్నని తీగ అంటాం. సన్నదనం నిజమే, కానీ రసం అక్కడ లేదు. తీగకూ తీగకూ మధ్య ఎంత ఖాళీ వదిలారన్నది చూడాలి. ఆ ఖాళీల్లో నీడ నిలుస్తుంది. వస్తువును పక్కకు వంచితే నీడలు జరుగుతాయి, వాటితో పాటు ఆకులు కదిలినట్టు ఉంటుంది. బిద్రీలో నలుపును మట్టితో తెచ్చారు, ఇక్కడ ఏ మందూ పూయకుండా గాలితో తెచ్చారు. ఇలాంటి వస్తువులను నల్లటి పీట మీదో ముదురు రంగు గుడ్డ మీదో పెట్టాలి. తెల్ల గుడ్డ మీద పెడితే ఖాళీలన్నీ పూడిపోయి పని సగం మాయమవుతుంది. బజారులో చెక్కడపు పనున్న భరిణెలను తెల్లగా తోమి ఇచ్చేటప్పుడు జరిగే అన్యాయమూ ఇదే. ఉలి గీతల అడుగున చేరిన నలుపే భరిణె మీది బొమ్మకు గీత. దాన్ని తీసేస్తే లక్ష్మీదేవి కళ్ళూ ముక్కూ కూడా మెరుపులో కొట్టుకుపోతాయి. అల్యూమినియం రేకు స్నానం వద్దన్నది అందుకే. ఇప్పటి నగల మీద నల్లబడకుండా రోడియం పూత పూస్తున్నారు. దానితో వెండికి వయసు రాదు. వయసు రాని వెండిని వెండిలా ప్రేమించడం నా వల్ల కాదు.

వెండి తెలుపుగా ఉండటం మానేసి, తానే పూర్తిగా నలుపైన చోటు ఒకటుంది. అది ఫొటో. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ తీసిన హైదరాబాద్‌ను గుర్తు చేసుకోండి. దర్బార్లు, వేట విడుదులు, మహళ్ళ మెట్లు, ఏనుగులు. గాజు పలకల మీద జిగురులో పరిచిన వెండి లవణాలు వెలుగు తగిలిన చోట మార్పు చెందుతాయి. మందు నీళ్ళలో వేస్తే అక్కడ సన్నటి వెండి రేణువులు విడివడతాయి. అంత సన్నగా చెదిరిన వెండి వెలుగును తిప్పి పంపలేదు, తనలోనే తిప్పుకుని మింగేస్తుంది. నెగెటివ్‌లో నల్లగా కనిపించేదంతా వెండే. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనేవాళ్ళు వెతికేదీ ఆ నలుపులో ఉన్న వెండినే.

గుడ్డు తెల్లసొన, వెండి లవణం పూసిన కాగితం మీద ఆ పలకను పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ అచ్చవుతుంది. ఆ అచ్చులోనూ నీడలన్నీ వెండి, వెలుగులన్నీ వట్టి కాగితం. అంటే నవాబు తలపాగాలో తళుక్కుమన్న వజ్రం దగ్గర ఏమీ లేదు. ఆయన గడ్డం నలుపులో, సింహాసనం కింది చీకట్లో, మండపపు లోగిలిలో వెండి పోగుపడి ఉంది. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, ఫొటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. బయటి మగవాడి కంట పడని ఆ స్త్రీల జుట్టు నలుపు, కంటి నలుపు వెండితోనే కాగితం మీద నిలిచాయి. రంగు ఫొటోలను ఎంత ప్రేమించినా, ఆ పాత నలుపుల లోతు నాకు వాటిలో దొరకదు. ఆ లోతు లోహపు లోతు.

పాదాల దగ్గరికి రావడానికి ఇంత దూరం తిరిగి వచ్చాను. బంగారం లక్ష్మి గనుక నడుము కింద పెట్టుకోరాదని చెప్పి మనవాళ్ళు కాళ్ళను వెండికి ఇచ్చారు. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించి పెళ్ళికూతురి కాలివేళ్ళకు మెట్టెలు తొడుగుతారు. ఆ ఘట్టాన్ని వీడియోలో కాక దగ్గర నుంచి చూడండి. పసుపు పూసిన పాదం, పారాణి అంచు, కింద నల్లటి సన్నికల్లు, వేలి మీద కొత్త వెండి చుట్టు. ఆ క్షణానికి తంత్రం ఎవరు రాశారో గానీ, రంగులు తెలిసినవాళ్ళే రాశారు. పసిపిల్ల చేతికి నల్లపూసల మధ్య వెండి మురుగులు, నడుముకు నల్ల మొలతాడుకు వెండి రావిరేక. దిష్టి తగలకుండా అంటారు. తగలకుండా ఉండటానికి పెట్టిన ఆ నలుపే వెండిని అంత ముద్దుగా చూపి, అందరి చూపులనూ అటే లాగుతుంది.

ఇరవై ముప్పై ఏళ్ళు కాలివేలికున్న మెట్టెను చూస్తే తెలుస్తుంది, గంధకమూ రాపిడీ కలిసి ఎంత గొప్ప పనివాళ్ళో. చెప్పుకూ నేలకూ తగిలే పై భాగం ఎప్పుడూ తెల్లగా మెరుస్తుంటుంది, సందుల్లో నలుపు స్థిరపడుతుంది. ఏ కంసాలీ చేయలేని మెరుగది. నడక చేసిన మెరుగు.

ఎల్‌బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు వైపు, దేవరకొండ బస్సుల కోసం నిలబడ్డ లంబాడా ముసలమ్మల్లో కొందరి చెంపల పక్కన ఇప్పటికీ ఘుగ్రీ టోప్లీ వేలాడుతుంటాయి. జుట్టుపాయలకు కట్టుకునే వెండి గుత్తులు, పెళ్ళైన ఆడదాని గుర్తు. మెడలో కడియంలాంటి హాస్లీ, నాణేల దండ. తలపాయలు నెరిసిపోయాక జుట్టూ వెండీ ఒకే రంగవుతాయి, అప్పుడు ఎండకు కమిలిన ముఖమే వాటికి నేల. ఆ నాణేల దండల్లో హాలీ సిక్కా రూపాయిలు కూడా ఉండేవి. 20వ శతాబ్దం మొదట్లో చార్మినార్ బొమ్మతో వచ్చిన హైదరాబాద్ రాజ్యపు సొంత రూపాయి, 11 గ్రాముల పైచిలుకు బరువు, అందులో 82 శాతం దాకా వెండి. 1959 దాకా చెల్లింది. మెడ మీద రాసుకుని రాసుకుని మినార్లు అరిగిపోయిన రూపాయి, నాణేల డబ్బాలో దాచిన కొత్త రూపాయి కన్నా నాకు అందంగా ఉంటుంది. గిర్వి కొట్టు నుంచి మూసలోకి వెళ్ళిన వాటి లెక్క ఎవరి దగ్గరా లేదు. వెండి ఎన్నిసార్లైనా కరుగుతుంది, పాత రూపమేదీ గుర్తుంచుకోదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవులో అద్దకపు బట్టలకు బదులుగా డచ్చివారు, ఇంగ్లీషువారు తెచ్చిపోసిన వెండి, దాని వెనక జపాన్ గనులదీ పెరూ వైపు కొండలదీ, ఎవరి కడియాల్లో ఉందో ఎవరు చెప్పగలరు? మూసను తప్పించుకున్నవి కొన్నే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1500 పైచిలుకు రోమన్ వెండి నాణేలు అలాంటివి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలతో వచ్చి మన మట్టిలో వందల ఏళ్ళు నల్లబడి పడుకున్నాయి. వెలుగు చూడక, చేయి తగలక ఉన్నందువల్లే ఆ ముఖాలు మిగిలాయి.

2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోయింది. శ్రావణమాసపు భరిణెలు చిన్నవయ్యాయి. ధర పెరగడానికి ఒక కారణం మీర్‌పేట్ మేడల మీదే ఉంది. నీళ్ళ ట్యాంకుల పక్కన వాలుగా పరిచిన సౌర పలకలను దగ్గరికి వెళ్ళి చూడండి. నల్లటి సిలికాన్ బిళ్ళ మీద వెంట్రుక కన్నా సన్నటి తెల్లని గీతలు సమాన దూరాల్లో ఉంటాయి. చాలా పలకల్లో అవి వెండి గీతలే. ఎండ పడి సిలికాన్‌లో పుట్టిన విద్యుత్తును పోగుచేసి మోయడానికి అంతకు మించిన లోహం లేదు గనుక వెండిని ముద్దగా చేసి అచ్చొత్తుతారు. గీత వెడల్పైతే ఎండను అడ్డుకుంటుంది, మరీ సన్నమైతే విద్యుత్తుకు దారి ఇరుకవుతుంది. నలుపు ఎంత, వెండి ఎంత అన్న ఆ లెక్క బీదర్‌లో ఉలి పట్టినవాళ్ళూ కరీంనగర్‌లో కమ్మచ్చు లాగినవాళ్ళూ కంటితో వేసినదే. కర్మాగారాల్లో ఆ గీతను ఏటేటా ఇంకా సన్నం చేస్తున్నారు, రాగితో సరిపెట్టే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. వాళ్ళు గెలిస్తే భరిణెలు మళ్ళీ పెద్దవవుతాయి. ఈలోగా మేడ ఎక్కినప్పుడు, ఎండ ఏటవాలుగా పడే వేళ చూసి, ఆ నల్ల పలక ముందు ఒక నిమిషం నిలబడండి.